ఎనిమిదో గడి

కోస్గి,
ఆషాఢ శుద్ధ ద్వాదశి.

చిరంజీవి గోపీకృష్ణను తల్లి భద్రమ్మ దీవించి రాయునది ఏమనగా, ఇక్కడ నా గొంతు ఒక్కటి తప్ప అన్నీ క్షేమం. బర్రె పాలిస్తోంది. కంది మొలిచింది, పైన వాన జర వెనకాడుతోంది. పూణెలో నువ్వూ కోడలు నిరోషా సుఖంగా ఉన్నారని తలుస్తాను. లేకపోతే అది మీరు ఏరి తెచ్చుకున్నదే, నాకు చెప్పవద్దు.

నీ ఉత్తరం పోస్టు అంజన్న తెచ్చి ఇచ్చాడు. "తల్లికి ఫోనున్నది, కొడుక్కు ఫోనున్నది. మీ ఇద్దరి కోసమే నా సైకిలు ఇంక తిరుగుతాంది పెద్దమ్మా. ఆ ఒట్టు ఎప్పుడు దిగుతది?" అని అడిగాడు. "వాడు డీజే బండి దిగినప్పుడు" అన్నాను.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టమని నువ్వూ రాశావు. అదేమన్నా అరువు తెచ్చిన గొడ్డలా, పని అయిందని తిరిగి ఇచ్చేయడానికి? రథం పండుగ నాడు నేను గోవింద కొట్టిన కేకను నన్ను అడగకుండా ఫోనులో పట్టుకున్నావు. నీ డబ్బాలో వేసి ముక్కలు కోశావు. దరువు కింద గో గో గో అని కోడిపెట్ట కూసినట్టు కూయించావు. తాగిన పోరగాళ్లు చొక్కాలు విప్పి నా గొంతు మీద ఎగిరారు. నేను రాయి తీసుకొని ఆ డబ్బా పగలగొట్టాను. ఈ పని మానేదాకా నా నోటి నుంచి నీతో ఒక్క మాట రాదని రథం చక్రం పట్టుకొని చెప్పాను. ఒట్టు నోటి మీద వేశాను, చేతి మీద వేయలేదు, అందుకే రాస్తున్నాను. అంతకంటే అందులో వేరే ప్రేమ ఏదో ఉందని వెతకవద్దు. రాయి వేసినందుకు ఇప్పటికైనా బాధపడుతున్నావా అని అడిగావు. పడుతున్నాను. ఇంకా పెద్ద రాయి చేతికి దొరకలేదు.

ఇక నీ ప్రశ్నలకు వస్తాను.

గొంతు సంగతి. హైదరాబాద్ దవాఖానలో డాక్టరు సన్నని గొట్టంలాంటిది ముక్కులోంచి దించి చూశాడు. గడ్డ స్వరపేటికను పూర్తిగా పట్టుకుంది, పేటిక మొత్తం తీసెయ్యాలి అన్నాడు. అమావాస్య దాటిన సోమవారం కోస్తారు. ఆ తర్వాత ఊపిరి మెడలో పెట్టిన రంధ్రంలోంచి ఆడుతుంది, మాట రాదు. "అప్పటిదాక మాటలు దాచుకో అమ్మా" అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఊరూరూ తిరిగి దేవుడి మాట చెప్పినదాన్ని. మీ నాయిన పోయాక పాత క్యాలెండర్ల వెనక అక్షరాలు దిద్దుకొని, ఎవరి కాళ్లూ పట్టకుండా గ్రంథాలు చదివినదాన్ని. నన్ను మాటలు దాచుకోమంటే సెలయేటిని గిన్నెలో ఉండమన్నట్టే. ఇప్పుడు గొంతు పొద్దున కాసేపు బాగుంటుంది. ఎండెక్కితే బొంగురు.

అందుకే ప్యాడ్ కొన్నాను. నువ్వు సాంప్లర్ అంటావు, ఇక్కడ అందరం ప్యాడ్ డబ్బా అంటున్నాం. గొంతును గడుల్లో పట్టి ఉంచుకొని, గడి మీద పుల్లతో కొడితే తిరిగి పలికేది. నేను పోయినా మన భజన మండలి పోకూడదు. నా గోవింద లేకుండా వీళ్ల భజన ఉప్పులేని జొన్న గటక.

నువ్వు పంపిన పైసలు తిప్పి పంపాను, అందే ఉంటాయి. గోవిందుడి పేరు ముక్కలు కోసి సంపాదించిన పైసలతో గోవిందుడికి గొంతు కొనను. మండలి హుండీలో ఉన్నదీ, మీ నాయిన హార్మోనియం అమ్మగా వచ్చిందీ, అంతే నా తాహతు. అవును, అమ్మాను. నీకు నొప్పి కలుగుతుందని తెలిసే అమ్మాను. దాని మెట్ల మీద వేళ్లు పెట్టించి మీ నాయిన నీకు నేర్పాడు, నువ్వు ఆ వేళ్లతో ఏం చేశావు? వాయించేవాడు లేని పెట్టె ఎలుకలకెందుకు?

కౌసల్య తన ఫోను తెచ్చింది. మన పక్కింటి కోడలు, నా వెనక గొంతు కలిపే పిల్ల, నీకు తెలుసు కదా. "పెద్దమ్మా, గీ ప్యాడ్ ఆట నా ఫోన్లనే ఉన్నది. ఒక్క పైస ఖర్చు లేదు" అంది.

"హారతి నడుమ మీ ఆయన ఫోన్ జేస్తే? స్వామి లేచి 'యాడున్నవే, కూరేం జేసినవ్' అని అడుగుతడా?" అన్నాను. ఫోను కొంగులో దాచుకుంది.

మహబూబ్‌నగర్‌లో వెంకటేశ్ అని బ్యాండు సామాను అమ్మేస్తున్నవాడు ఉన్నాడని తెలిసి అక్కడికి పోయాం. గల్ఫ్‌కు పోతున్నాడట, ఉన్నదంతా తుడిచిపెట్టి అమ్ముతున్నాడు. వాడి దగ్గర నా తాహతుకు రెండు దొరికాయి. ఒకటి చిన్నది, కొత్తది, బ్యాటరీ మీద కూడా నడుస్తుంది, కానీ నాలుగే గడులు, ఒక్కో గడిలో గుక్కెడు మాట పడుతుంది. రెండోది పెద్దది, వాడినది, మూల సొట్టపోయింది, ఎనిమిది గడులు, ఒక్కోదాంట్లో చరణం చరణమే పడుతుంది. కరెంటు లేకపోతే మాత్రం అది పలక.

"చిన్నది తీస్కో అవ్వా. కరెంటు పోయినా పలుకుతది. యాడికన్న సంకల పెట్టుకపోతవ్" అన్నాడు.

"నాలుగు గడులల్ల నా గోవిందుడు కాళ్లు ముడుసుకోవాలె. పెద్దదే గట్టు" అన్నాను.

గడులన్నీ కొట్టి చూడమని నువ్వు రాశావు కదా, కొట్టించాను. మొదటి దాంట్లో ఈల. రెండో దాంట్లో ఎవత్తో ఇకిలింపు. మూడో దాంట్లో "చెయ్యి లేపురా మామా!" అని ఒకడి అరుపు. కౌసల్య నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నేను చెంబులోంచి పసుపునీళ్లు తీసి డబ్బా మీద చల్లబోయాను. వెంకటేశ్ నా చెయ్యి పట్టేసుకున్నాడు.

"ఓ అవ్వా! సస్తది! నీళ్లు వడితే సస్తది!"

"అయితే ఈ పాపమంత నువ్వే తీసెయ్."

వాడు ఏవో బటన్లు కలిపి నొక్కాడు. ఆ పాడు చప్పుళ్లు పోతున్నంతసేపూ నేను కళ్లు మూసుకొని నామం చెప్పుకున్నాను. కౌసల్యను కూడా మూసుకోమన్నాను. కళ్లు తెరిచేసరికి డబ్బా పసిపిల్లలా ఉంది. ఈ మాట గుర్తుంచుకో, కింద మళ్లీ వస్తుంది.

నువ్వు రాసినట్టే, చప్పుడు వినగానే ఖాళీ గడి తనంతట తానే పట్టుకునేలా పెట్టించాము. బటన్ నొక్కి పరిగెత్తుకొచ్చి పలకాల్సిన బాధ తప్పింది. ఈ ఒక్క విషయంలో నీ చదువు పనికొచ్చింది.

గుర్వయ్య మామ ఎట్లున్నాడని అడిగావు. బాగానే ఉన్నాడు, నా మొహం చూడటం లేదు. మొన్నటిదాకా ఆయన ఢోలక్ లేనిదే నేను నోరు తెరిచేదాన్ని కాదు. ఇప్పుడు ఆయన చెయ్యి వణుకుతోంది, తాళం తప్పుతోంది. ఓ పొద్దున పిలిచి నిండుగా ఒక ఆవర్తనం వాయించమన్నాను. పాపం, అంచు ధోవతి కట్టుకొని, నుదుటి మీద బొట్టు పెట్టుకొని వచ్చాడు. ఆనాడు దేవుడు ఆయన చేతిలో కూర్చున్నాడు, ఒక్క దెబ్బ తప్పలేదు. అది గడిలో పడగానే, "నీ చెయ్యి డబ్బల వడ్డది అన్నా. ఇగ ఢోలక్ ఇంటికి తీస్కపో" అన్నాను.

ఆయన ఢోలక్ మీద గుడ్డ కప్పుతూ అడిగాడు. "నేను గూడ రావొద్దా చెల్లె?"

"వచ్చి ఏం జేస్తవ్? తాళం తప్పేటోడు తోవ తప్పిస్తడు. దేవుని కాడ మొకమాటం ఉండదు."

ఢోలక్ భుజానికి తగిలించుకొని గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "మంచిది. నా చెయ్యి డబ్బల ఉన్నదని నన్ను పంపుతున్నవ్. రేపు నీ గొంతు డబ్బలనే ఉంటది గద చెల్లె. మరి నిన్నెందుకు పిలుస్తరు?"

కుళ్లుతో అన్నాడనుకున్నాను. కానీ మొన్న శనివారం చూశాను. డాక్టరు చెప్పాడని నేను నోరు మూసుకొని పక్కన కూర్చున్నాను, కౌసల్య పుల్లతో గడి కొట్టింది. నా గోవింద బయటికొచ్చింది. ఈ రోగపు గొంతు కాదు, పొద్దుటి గొంతు, పెద్ద గొంతు. జనం గోవిందా అని బదులు పలికారు. ఒక్కరూ నా వైపు చూడలేదు. పై వాడ నుంచి వచ్చిన ఒక ముసల్ది డబ్బాకు కుంకుమ పెట్టి, వంగి మొక్కి, మళ్లీ లేచేటప్పుడు ఆసరాకు నా మోకాలు పట్టుకుంది. రాయి పట్టుకున్నట్టే పట్టుకుంది.

"స్తంభంల ఉన్న దేవుడు డబ్బల ఉండడా పెద్దమ్మా?" అంది కౌసల్య, నన్ను ఓదార్చాలని.

"స్తంభంల నుంచి వచ్చినోడు పేగులు తీసిండు. దీంట్ల నుంచి వచ్చినోడు ఏం తీస్తడో చూస్కో" అన్నాను. తర్వాత ఆ మాట నాకే తగిలింది.

ఆడవాళ్లు ముచ్చట్లు పెట్టుకుంటే, నేను ఎప్పుడూ తిట్టే తిట్టు కూడా ఒక గడిలో పెట్టాలని కౌసల్య పట్టుబట్టింది. "నోర్లు మూస్తరా, నన్ను లేవమంటరా?" అని అందులో ఉంది. ఆ గడి కొట్టగానే అందరూ బెదిరి నా వైపు చూశారు. ఆ శనివారం నన్ను చూసింది అప్పుడొక్కసారే.

ఇక నువ్వు నాలుగు పేజీలు తిప్పి తిప్పి రాసిన అసలు మాట. "సోమవారం తర్వాత నీ గొంతు ఇక వినబడదు కదా అమ్మా. ఒట్టు ఉండనీ. ఒక్క గడి నాకియ్యి. ఏమీ చెప్పకు, గోపీ అని ఒక్కసారి పిలిచి పెట్టు. డబ్బాతో మాట్లాడితే నాతో మాట్లాడినట్టు కాదు కదా" అని. బాగా వాదించావు, మంచి ప్లీడరువయ్యేవాడివి. నేను మూడు పూటలు గ్రంథాలు తిరగేశాను. ప్రతిజ్ఞ చేసినవాడు గాలితో చెప్పినా, గోడతో చెప్పినా, ఎవరి కోసం చెప్పాడో వాడికే చెప్పినట్టు. నోరు నాదే కదా. కాబట్టి లేదు. కొడుకు అడవికి పోతే పేరు పెట్టి పిలుచుకుంటూ ప్రాణం విడిచిన రాజు కథ నువ్వు చిన్నప్పుడు నా ఒళ్లో విన్నావు, ఏడ్చావు. ఆ కథ చెప్పి ఊళ్లకు ఊళ్లను ఏడిపించాను. నేను మాత్రం అట్లా పోను. పిలవకుండానే పోతాను.

అయితే నీకు గడి ఇవ్వలేదని అనుకోకు. ఇచ్చాను. ఏడో గడి నీదే.

ఇది చెప్పకూడదనుకున్నాను. ఎట్లాగూ ఇంత దూరం రాశాను కనుక విను. కౌసల్య ఫోనుకు నువ్వు పంపే మాటలు ఉంటాయి కదా, నేను విననని నువ్వు అనుకునేవి. వాటిలో ఒకదాని మొదట్లో "అమ్మా" అని ఉంది. ఫోనుకు వైరు తగిలించి, ఆ ఒక్క పిలుపు కోయించి, ఏడో గడిలో వేయించాను. ఎందుకో తెలుసా? దింపుడు కల్లం కోసం. మీ నాయిన పాడెను నడితోవలో దించినప్పుడు, చెవిలో మూడుసార్లు నాయినా అని పిలిచింది నువ్వే. అప్పుడు నీకు పన్నెండేళ్లు. రెండుసార్లు పిలిచావు, మూడోసారి గొంతు రాలేదు, గుర్వయ్య నీ వీపు మీద చెయ్యి వేసి పిలిపించాడు. కొడుకు పిలిస్తే పోయిన ప్రాణం ఒక్కోసారి వెనక్కి చూస్తుందని మనవాళ్ల ఆశ. నాకు ఆ ఆశ లేదు, ఆచారం ఉంది. నువ్వు డీజే బండి మీద ఏ ఊళ్లో ఎగురుతుంటావో. నీ కోసం నా శవం ఎదురుచూడనక్కర లేదు. గుర్వయ్య పాడె పక్కన కూర్చొని ఏడో గడి మూడుసార్లు కొడితే సరిపోతుంది. నా గొంతు నువ్వు అడగకుండా తీసుకున్నావు, నీ గొంతు నేను అడగకుండా తీసుకున్నాను.

ఈ పని గుర్వయ్యకు కబురు పంపి చెప్పించాను. ఆయన వాకిట్లోకి వచ్చి, నన్ను చూడకుండా కౌసల్యతో అన్నాడు. "దింపుడు కల్లం కాడ కరెంటు యాడిది? చిన్న డబ్బ కొనమంటే పెద్దది కొనె. ఇప్పుడు పాడెకు వైరు గట్టి ఊరి స్తంభం దాక గుంజుకపోదామా? కొడుకును పిలిపియ్యుండ్రి, వానికి బ్యాటరీ అక్కర లేదు."

 

ఇంకొక్కటి మిగిలింది. దాని కోసమే ఈ ఉత్తరం.

ఎనిమిదో గడి ఖాళీగా ఉంచి, మంగళహారతికి అట్టిపెట్టాము. నిన్న పొద్దున గొంతు కాస్త బాగుందని కౌసల్య మైకు తగిలించి, డబ్బాను సిద్ధం చేసింది. నేను పెరట్లో బర్రె కుడితి తొట్టి కడుగుతున్నాను. లోపలి నుంచి "అమ్మా" అని వినబడింది.

ఇంట్లో నన్ను అట్లా పిలిచేవాళ్లు ఎవరూ లేరు. పెద్దమ్మ, అత్త, చెల్లె, అక్క, ఊరంతా ఏదో ఒకటి పిలుస్తారు. ఆ మాట పిలిచేది ఒక్కడు. నేను తొట్టి వదిలి ఉరికాను. గడప మీద కాలు పెట్టేసరికే నా నోటి నుంచి వచ్చేసింది. "గోపీ! వచ్చినవా బిడ్డా? ఎంత సేపాయె? కాళ్లు కడుక్కో, అన్నం పెడ్త!"

లోపల నువ్వు లేవు. కౌసల్య పుల్ల పట్టుకొని డబ్బా ముందు కూర్చొని ఉంది. అన్నీ పలుకుతున్నాయో లేదో అని ఏడో గడి కొట్టి చూసిందట.

దాని చెంప మీద కొట్టాను. తడి చెయ్యి, గట్టిగానే తగిలింది. అది ఏడవలేదు. డబ్బా వైపు చూపించి, "పెద్దమ్మా, ఎనిమిదోది పట్టుకున్నది" అంది.

చప్పుడు వినగానే పట్టుకునేలా పెట్టమన్నది నువ్వే కదా. నా పరుగు, తలుపుకు గాజులు తగిలిన చప్పుడు, నీ పేరు, అన్నం పెడతాననడం, అంతా అందులో పడింది. నేను దాన్ని ఒక్కసారి విన్నాను. గోవింద గడిలో కూడా నా గొంతు అంత నిండుగా లేదు. ఇరవై ఏళ్లు నేను దేవుణ్ణి పిలిచింది ఆ గొంతుతో కాదని డబ్బా నాకే చెప్పింది. అది నాకు కోపం తెప్పించింది. నీ మీద.

ఒట్టు తప్పిందా అంటే, తప్పింది. ఎదురుగా నువ్వున్నావనుకొనే పలికాను కనుక తప్పించుకునే దారి లేదు. తప్పిన నోటికి శిక్ష ముందే రాసి ఉంది, సోమవారం అమలవుతుంది. అంత తొందరగా తీర్పు ఇచ్చే దేవుడితో నాకు పేచీ లేదు. కానీ ఆ గడి అట్లా ఉండటానికి వీల్లేదు. రేపు మండలిలో ఎవరి పుల్లో తగిలి, హారతి నడుమ నా బలహీనత ఊరందరి ముందు మోగితే? దాన్ని చెరపాలి.

చెరిపేది ఎట్లనో మాకు తెలియదు. వెంకటేశ్ చెరిపినప్పుడు ఇద్దరం కళ్లు మూసుకొని ఉన్నాం. వాడు విమానం ఎక్కాడట, ఫోను కలవడం లేదు. తెలియని బటన్ నొక్కితే అన్ని గడులూ పోతాయని కౌసల్య అంటోంది. "గోపన్నకే తెల్వాలె పెద్దమ్మా" అని రెండుసార్లు అంది. చెంపదెబ్బకు కసి తీర్చుకోవడానికి అబద్ధమాడుతోందో ఏమో.

ఫోనులో దానికి చెప్పి ఈ పని ముగించాలని చూడకు, ఒప్పుకోను. నా గొంతు ఊరి మీదికి వదిలింది ఏ చెయ్యో, ఇది చెరిపేది కూడా ఆ చెయ్యే కావాలి. సోమవారం లోపల రా. నిరోషను తెస్తే తే, డీజే సామాను మాత్రం గడప దాటనియ్యను. నువ్వు వచ్చినా నేను మాట్లాడను, ఒకసారి తప్పిన దాన్ని రెండోసారి తప్పను. అన్నం మూత పెట్టి ఉంటుంది, పెట్టుకొని తిను. తర్వాత డబ్బా ముందు కూర్చొని, ఎనిమిదో గడి చెరిపేసి వెళ్లిపో.

వినకుండా చెరపడం ఎట్లనో నాకు తెలియదు. అది నీ విద్య, నువ్వే చూసుకో.

ఇట్లు,
నీతో మాట్లాడని కన్నతల్లి,
భద్రమ్మ.